పంచాయతీని పురసభలో కలిపితే కావేరి నీళ్ళొస్తాయా? అభ్యంతరాల కాగితంలో ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది. ఆనేకల్ తాలూకాలో, హోసూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మీ గ్రామ పంచాయతీని పక్క పురసభలో (చిన్న పట్టణపు మునిసిపాలిటీలో) కలుపుతామని ప్రతిపాదన వచ్చింది. అదే పురసభ దగ్గర అనుమతి కోసం ఎనిమిది ఎకరాల్లో 600 ఫ్లాట్ల ప్రాజెక్టు కూడా ఉంది. మీ లేఅవుట్లో ఒక వర్గం "కలిస్తే కావేరి వస్తుంది, ఇ-ఖాతా (కంప్యూటర్లో ఎక్కిన ఆస్తి పత్రం) వస్తుంది, సైటు ధర పెరుగుతుంది" అంటోంది. ఇంకో వర్గం "అపార్టుమెంట్లు వచ్చాయంటే ఉన్న బోరు నీళ్ళు కూడా పోతాయి, రెండూ వద్దు" అంటోంది. గడువు లోపల ఏమని రాసివ్వాలన్నది మీ సందేహం.

నేను ఉద్యోగమంతా నీటి సరఫరా, మురుగు పారుదల పనుల్లోనే, ఈ చుట్టుపక్కలే చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి నా మాట ఆ వైపు నుంచే వస్తుంది. విలీనాన్ని వద్దనకండి, ఫ్లాట్లనూ వద్దనకండి. కానీ నీళ్ళు ఏ పైపులో వస్తాయో, మురుగు ఏ దారిన పోతుందో కాగితం మీద తేలేదాకా రెంటికీ ఒప్పుకోకండి. ఇంకో సంగతి, మీ రెండు వర్గాలూ నీళ్ళ గురించే కొట్లాడుకుంటున్నాయి. మీ ఊరికి ముందు ఊపిరాడకుండా చేసేది నీళ్ళ కొరత కాదు, మురుగు.

ముందు "కలిస్తే కావేరి" అన్న మాట చూద్దాం. హద్దు మారడానికి గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. కావేరి నీళ్ళు కదలాలంటే తొరెకాడనహళ్ళి నుంచి దాదాపు వంద కిలోమీటర్ల పైపు, మూడు చోట్ల పంపింగ్, అర కిలోమీటరు ఎత్తుకు ఎక్కించే కరెంటు కావాలి. 2007లో ఏం జరిగిందో మీ పక్కనే చూడొచ్చు. ఆ సంవత్సరం ఏడు నగరసభలను (పెద్ద పట్టణాల మునిసిపాలిటీలను), కెంగేరి పురసభను, 110 గ్రామాలను నగరంతో కలిపి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేశారు. 226 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 700 దాటింది. పన్ను రసీదు మీద పేరు వెంటనే మారింది. ఆ 110 గ్రామాల కోసమని పెట్టిన కావేరి ఐదో దశ, 775 ఎంఎల్‌డీ, ప్రారంభమైంది 2024 అక్టోబరులో. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. మధ్యలో గడిచిన పదిహేడేళ్ళు అక్కడి జనం బోర్లతో, ట్యాంకర్లతో నెట్టుకొచ్చారు. 2024 వేసవిలో నగరంలోని సుమారు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడు ఎక్కువ దెబ్బతిన్నది ఆ అంచు ప్రాంతాలే.

వాళ్ళు నగరంలో కలిసినవాళ్ళు. మీరు కలవబోయేది పురసభలో. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. బెంగళూరు జలమండలి పరిధి వేరు, చుట్టూ ఉన్న చిన్న పట్టణాల పరిధి వేరు. పట్టణాలకు పథకం కట్టేది కర్ణాటక నగర నీటి సరఫరా, మురుగు పారుదల మండలి. కట్టాక నడపాల్సింది పురసభ. అంటే మీ పురసభలో చేరినంతమాత్రాన జలమండలి లైను మీద మీకు ఏ హక్కూ రాదు. "ఐదో దశ నీళ్ళు మనకూ వస్తాయి" అని ఎవరన్నా సభలో అంటే, ఏ రిజర్వాయరు నుంచి, ఎన్ని ఎంఎల్‌డీ, ఏ ఒప్పందం ప్రకారం అని మూడు ప్రశ్నలు అక్కడికక్కడే అడగండి. జవాబు "ప్రతిపాదనలో ఉంది" అని వస్తే, నీళ్ళు లేవని లెక్కేసుకోండి.

ఆగి గ్రేటర్ బెంగళూరులోనే చేరితే పోదా అని కూడా కొందరంటున్నారట. 2025 సెప్టెంబరులో బీబీఎంపీని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అయిదూ కలిపితే ఉన్నది పాత బీబీఎంపీ పరిధే. చట్టంలో బయటి ప్రాంతాలను చేర్చుకునే వీలుంది గానీ, ఆ రోజు కోసం కూర్చుంటే ఈలోగా మీ చుట్టూ లేఅవుట్లు ఆగవు.

ఇప్పుడు 600 ఫ్లాట్ల సంగతి. అపార్టుమెంటు అంటే రద్దీ, సైట్లంటే ప్రశాంతం అని మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది. లెక్క వేసి చూడండి. ఎకరం అంటే 43,560 చదరపుటడుగులు. రోడ్లు, పార్కు, సీఏ సైటు (బడి, ఆసుపత్రి లాంటి ఉమ్మడి అవసరాలకు వదిలే జాగా) పోగా అమ్మకానికి సగానికి కాస్త పైన మిగిలితే ఎకరానికి ఇరవై 30×40 సైట్లు వస్తాయి. ఎనిమిది ఎకరాల్లో 160. మీ ప్రాంతంలో 30×40 సైటులో ఒక్క ఇల్లు కట్టుకుని ఎవరున్నారు? కింద పార్కింగు వదిలి, పైన నాలుగు అంతస్తులు లేపి, అంతస్తుకు ఒక ఇల్లు అద్దెకిస్తారు. 160 సైట్లలో 640 ఇళ్ళు. ఫ్లాట్లు 600! జనం ఒకటే, నీళ్ళూ ఒకటే, మురుగూ ఒకటే. తేడా ఏమిటంటే, అపార్టుమెంటు కట్టేవాడు పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తెచ్చుకోవాలి, ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) కట్టాలి. 160 మంది సైటుదారుల్లో ఒక్కొక్కరూ విడిగా చిన్నవారే కాబట్టి ఎవరికీ ఏ అడ్డూ ఉండదు. అనుమతి లేని రెవెన్యూ లేఅవుటైతే (సాగు భూమినే సైట్లుగా కోసి అమ్మినదైతే) పార్కు జాగా కూడా సైట్లే అయిపోతాయి, ఇళ్ళు ఇంకా పెరుగుతాయి. అందుచేత "ఫ్లాట్లు వద్దు" అని తీర్మానం చేయిస్తే రద్దీ తగ్గదు. లెక్కకు అందకుండా పెరుగుతుంది, అంతే.

పైగా పైపు వేసేవాడి లెక్కలో దగ్గర దగ్గరగా ఉన్న ఇళ్ళే చౌక. ఒక కిలోమీటరు పైపు మీద 600 కనెక్షన్లుంటే ఖర్చు అన్నిటికీ పంచుకోవచ్చు. అదే కిలోమీటరులో అక్కడొకటి ఇక్కడొకటిగా నలభై విల్లాలుంటే ఆ లైను ఎన్నటికీ తన ఖర్చు తాను రాబట్టుకోదు. విల్లా లేఅవుట్లకు మురుగు లైను ఆలస్యంగా వచ్చేదీ ఇందుకే.

నీళ్ళ లెక్క చూద్దాం. ఫ్లాటుకు నలుగురు చొప్పున 2,400 మంది. మురుగు పారుదల ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. మొత్తం 3,24,000 లీటర్లు. మీ వైపు వెయ్యి అడుగులు దాటి వేసిన బోరు గంటకు నాలుగు వేల లీటర్లు ఇచ్చిందనుకుందాం, రోజుకు పదహారు గంటలు నడిపితే 64,000. అయిదు బోర్లు ఆగకుండా నడవాలి. జనవరిలో నడుస్తాయి. ఏప్రిల్‌కు ఎన్ని మిగులుతాయో మీకే తెలుసు. ఆనేకల్ భూగర్భ జలం అతిగా తోడేసిన తాలూకాల జాబితాలో ఉంది, కొత్త బోరుకు అనుమతి కావాలి. ట్యాంకర్ల మీద నడపాలంటే 12,000 లీటర్ల బండ్లు రోజుకు 27 రావాలి. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం అయిదు కిలోమీటర్ల లోపు దూరానికి ఆ బండికి వెయ్యి రూపాయలని ధర కట్టింది. ఆ లెక్కనే వేసుకున్నా నెలకు ఎనిమిది లక్షల పైన, ఫ్లాటుకు 1,350 రూపాయలు. వేసవిలో ఆ ధరకు బండి దొరికితే.

బిల్డరు చూపించే ఎన్‌ఓసీని కూడా చదవండి. మొదటి పేజీలో "నీటి సరఫరాకు అభ్యంతరం లేదు" అని ఉంటుంది, అందరూ అంతవరకే చూస్తారు. షరతుల్లో ఎక్కడో "నీటి లభ్యతను బట్టి" అని ఉంటుంది. నీళ్ళున్నప్పుడే ఇస్తాం, లేనప్పుడు మమ్మల్ని అడగొద్దు అని దానర్థం. ఆ కాగితం ఆధారంగా కౌన్సిలు "నీటి వసతి ఉంది" అని రాసుకుంటే అది తప్పుడు తీర్మానం కిందే లెక్క.

ఇంకో చోట కూడా లెక్క తప్పుతుంది. పురసభవాళ్ళు సభలో "మన సామర్థ్యం ఇన్ని ఎంఎల్‌డీ" అని ఒకే అంకె చెబుతారు. అది పంపుల సామర్థ్యమా, ఇళ్ళకు చేరుతున్న నీళ్ళా? దారిలో కారిపోయేది తీసేశారా? ఓవర్‌హెడ్ ట్యాంకులో ఎన్ని గంటల నిల్వ ఉంది? ఇళ్ళు ఇరవై నాలుగు గంటలూ సమానంగా నీళ్ళు వాడవు. చిన్న పట్టణాల్లో పంపిణీ లైన్లను సగటు వాడకానికి రెండున్నర, మూడు రెట్లు తట్టుకునేలా వేయాలి. పాత ఊరికి లెక్కగట్టి వేసిన నాలుగంగుళాల లైను మీద కొత్త లేఅవుట్లను తగిలిస్తే ఏమవుతుందో మీ ఊళ్ళోనే చూడొచ్చు. రాత్రి పదకొండు దాటాక వాల్వ్‌మ్యాన్ బండి మీద వస్తాడు, రోడ్డు మధ్య ఇనుప మూత ఎత్తి పొడుగాటి కీ దించి తిప్పుతాడు. ఆ వీధికి నీళ్ళు మొదలవుతాయి, ఈ వీధికి ఆగుతాయి. పల్లంలో ఉన్న మొదటి ఇళ్ళవాళ్ళు సంపులోకి మోటారు పెట్టి లాగేస్తారు. మిట్ట మీది చివరి ఇంటి కుళాయి గాలి ఊదుతుంది. ఒక అంతస్తు ఇంటికైనా కుళాయి దగ్గర ఏడు మీటర్ల ఒత్తిడి (నీళ్ళను ఏడు మీటర్లు పైకి నెట్టేంత) ఉండాలని ఎన్నాళ్ళుగానో ఉన్న ప్రమాణం. ఇప్పుడు మీ ఊరి చివరి కుళాయి దగ్గర ఎంత ఉందో కొలిచి చెప్పమని ఇంజినీరును అడగండి. గేజీ పెట్టి చూస్తే అయిదు నిమిషాల పని.

ఇక మురుగు. వాడిన నీళ్ళలో ఎనభై శాతం మురుగు కింద తిరిగి వస్తుంది. అంటే ఆ 600 ఫ్లాట్ల నుంచి రోజుకు దాదాపు 2,60,000 లీటర్లు. ఎస్‌టీపీ ఉంది కదా అంటారు. ఉంది. బాగా నడిచే ఎస్‌టీపీయే అనుకుందాం. శుద్ధి చేసిన నీళ్ళను ఫ్లష్‌లకు వాడితే మనిషికి 45 లీటర్ల చొప్పున 1,08,000 ఖర్చవుతాయి. తోటకూ కార్లు కడగడానికీ ఇంకో ముప్పై వేలు వేయండి. అయినా రోజుకు 1,20,000 లీటర్లు మిగులుతాయి. 6,000 లీటర్ల బండ్లు ఇరవై. ఇవి ఎక్కడికి పోవాలి? యూజీడీ (భూమి లోపలి మురుగు పైపులు) లేని ఊళ్ళో రెండే దార్లు, పక్క రాజకాలువ (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ), లేదా రాత్రిపూట ట్యాంకరు. వానాకాలంలో తోటకూ అక్కర్లేదు కాబట్టి మిగులు ఇంకా ఎక్కువ. ఎస్‌టీపీ నడపడం ఆపేసినవాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులను తోడే బండ్లు తెల్లవారుజామున ఎక్కడ ఖాళీ అవుతున్నాయో చెరువు గట్టు మీద నడకకు వెళ్ళేవాళ్ళను అడగండి.

ఇది ఊహించి చెప్పేది కాదు. మీ పక్కనే ఉన్న చందాపుర చెరువు విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఇళ్ళ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కలిసి చెరువు పాడైంది. చుట్టూ పంచాయతీలు, పురసభలు ఉన్నాయి, ఒకరి హద్దు దాటితే ఇంకొకరిది. నీళ్ళకు ఆ హద్దులు తెలియవు. నగరం నుంచి వచ్చే మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకిని నదిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్టలో నురగై తేలుతోంది. రాష్ట్రం హద్దే ఆపలేనిదాన్ని వార్డు హద్దు ఏం ఆపుతుంది?

అందుకే విలీనం మీద నా మొగ్గు అనుకూలంగానే ఉంది. పంచాయతీ తన ఆదాయంతో యూజీడీ కట్టలేదు. కడితే పట్టణ స్థాయి సంస్థే కట్టాలి, దానికి పథకం, అప్పు, గ్రాంటు అన్నీ పట్టణాల పేరు మీదే వస్తాయి. అయితే ఏం కలుపుతున్నారో మ్యాపు తెప్పించుకుని చూడండి. జాబితాలో ఉండేవి ఊళ్ళ పేర్లు, అసలు సంగతి సర్వే నంబర్లలో ఉంటుంది. పన్ను బాగా వచ్చే గోదాములు, లేఅవుట్లు లోపల వేసుకుని, చెరువును, గోమాళాన్ని (పశువుల మేతకు వదిలిన సర్కారు భూమిని), పాత గ్రామఠాణాను (ఊరి ఇళ్ళున్న పాత జాగాను) బయట వదిలేశారంటే అది పన్ను కోసం గీసిన గీత. మురుగు ఎటు పారుతుందో ఆ పల్లం మొత్తం ఒకే సంస్థ కింద ఉండాలి, ఎస్‌టీపీకి జాగా దొరికేది పల్లంలోనే కాబట్టి. గోమాళం అంటే అందరికీ చులకన గానీ, రేపు పంపింగ్ స్టేషనుకో సబ్‌స్టేషనుకో స్థలం కావాలంటే పంచాయతీ పరిధిలో మిగిలి ఉండే సర్కారు భూమి అదొక్కటే. దాన్ని ముందే ఇంకెవరికో కేటాయించకుండా చూడమని రాయండి. ఇంకో మాట, పెద్ద కంపెనీల పన్నుతో అన్నీ అయిపోతాయని ఎవరైనా ఆశ పెడితే నమ్మొద్దు. ఎలక్ట్రానిక్ సిటీకి 2013 నుంచి సొంత పారిశ్రామిక టౌన్‌షిప్ సంస్థ ఉంది, అక్కడి పన్ను మీ పురసభ ఖాతాలో పడదు.

ఊళ్ళోని పాత రైతు కుటుంబాలు వద్దంటే వాళ్ళను అభివృద్ధి నిరోధకులని తీసిపారేయకండి. పట్టణమైతే ఉపాధి హామీ పని పోతుంది, పశువుల కొట్టం దగ్గర్నుంచి అన్నిటికీ పట్టణ నియమాలు వస్తాయి, పన్ను పెరుగుతుంది. సైటు ధర పెరగడం వాళ్ళకు అమ్ముకుంటేనే లాభం.

ఖాతా గురించి ఒక్క మాట. పంచాయతీ ఇచ్చిన ఆస్తి కాగితాలు, అంటే ఫారం 9, 11 స్థానంలో పురసభ ఇ-ఖాతా వస్తుంది, నిజమే. అనుమతి లేని లేఅవుట్లోని సైటు మాత్రం విలీనంతో అనుమతి ఉన్నదైపోదు. లేఅవుటుకు అనుమతినిచ్చేది ప్రణాళికా ప్రాధికారం (ప్లానింగ్ అథారిటీ), పురసభ కాదు. హద్దు మారినా అది మారదు, మాస్టర్ ప్లాను మారదు, ఎఫ్‌ఏఆర్ (జాగాను బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) మారదు. "కలిస్తే ఎక్కువ అంతస్తులు వేసుకోవచ్చు" అన్నది బ్రోకర్ల మాట.

కరెంటుకు బెస్కాం (కరెంటు సరఫరా సంస్థ) నుంచి ఫీజిబిలిటీ లెటరు, అంటే కరెంటు ఇవ్వగలమన్న కాగితం, తెస్తారు. అందులో ఏ 66 కేవీ సబ్‌స్టేషన్ నుంచి, అక్కడ ఎంత లోడు మిగిలి ఉందని రాశారో చూస్తే చాలు. రోడ్డు వెడల్పు ఎలాగూ ప్లానులో చూస్తారు. అగ్నిమాపక బండి తిరగగలదా అన్నది ఒక్కటి మీరు విడిగా అడగండి.

ఇప్పుడు కాగితంలో ఏం రాయాలి. పురసభ తీర్మానం అభిప్రాయం మాత్రమే, హద్దు మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. కాబట్టి మీ అభ్యంతరాల ప్రతి రెండు చోట్లా పడాలి, పురసభలో చీఫ్ ఆఫీసర్‌కు, ముసాయిదా ప్రకటనలో ఎవరి పేరు ఉంటే వారికి. రెంటి మీదా స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. "వద్దు" అని రాసిన కాగితం పక్కకు పోతుంది. షరతులతో రాసినదానికి జవాబివ్వాలి, లేకపోతే రేపు కోర్టులో అది నిలబడుతుంది.

మొదటి షరతుగా, విలీనం చేయబోయే ప్రాంతానికి ఇప్పుడున్న నీళ్ళు, ఇప్పటికే అనుమతి పొంది ఇంకా కట్టని ఇళ్ళకు పోయేవి, మిగిలేవి, ఈ మూడు అంకెలతో ఇంజినీరు సంతకం పెట్టిన నివేదిక తీర్మానానికి జతచేయమనండి. రెండో అంకెను ఎవరూ చెప్పరు. అదే అసలైంది. ఇప్పటికే ఇచ్చిన మాటలు తీసేస్తే చాలా పట్టణాల్లో మిగులు సున్నా కింద ఉంటుంది.

600 ఫ్లాట్ల మీద విడిగా రాయండి. మొత్తం ఒకేసారి కాకుండా దశలవారీగా అనుమతి అడగండి. మొదటి 200 ఫ్లాట్లకు ఇప్పుడు, మిగిలినవి ట్రంకు మురుగు లైను (వీధుల మురుగంతా కలిసే పెద్ద పైపు) వాళ్ళ గేటు దాకా వచ్చాక. పైపే లేకుండా 600కు ఒప్పుకుంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. బిల్డరు దీనికి ఒప్పుకోడని అంటారు. బ్యాంకు అప్పుతో కట్టే బిల్డరుకు దశలే సుఖం, చాలా ప్రాజెక్టులు ఎలాగూ టవరు తర్వాత టవరుగానే లేస్తాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ను (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చు అనే పత్రాన్ని) ఆ లైనుకు ముడిపెట్టమనండి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్ లేనిదే నీళ్ళు, కరెంటు కనెక్షను ఇవ్వొద్దని చెప్పింది కాబట్టి ఈ ముడికి ఇప్పుడు బలం ఉంది.

మరొకటి డబ్బు. లైసెన్సు ఇచ్చేటప్పుడు, ఖాతా చేసేటప్పుడు వసూలు చేసే బెటర్‌మెంట్ చార్జీలు (రోడ్డు, నీరు లాంటి వసతుల పేరున తీసుకునే రుసుము) పురసభ సాధారణ ఖాతాలో పడి జీతాలకూ వీధి దీపాలకూ పోతాయి. విలీన ప్రాంతంలో వసూలైనదాన్ని విడి ఖాతాలో ఉంచి, అక్కడి నీటి, మురుగు పనులకే వాడాలని తీర్మానంలో రాయించండి. ఇది ఒక్క వాక్యం. అధికారులు దీనికే ఎక్కువ గింజుకుంటారు, మీరు దీన్నే గట్టిగా పట్టుకోండి. మిగతా షరతులు ఎవరైనా "చూస్తాం" అని ఒప్పుకోగలరు, ఇది మాత్రం ఏడాది తర్వాత లెక్క అడిగి తేల్చుకోవచ్చు.

సభ రోజున పదిమంది వెళ్ళండి, కానీ మాట్లాడేది ఒక్కరే ఉండాలి, కన్నడంలో మాట్లాడగలిగినవారై ఉండాలి. మీ లేఅవుట్లో సగం మంది తెలుగువాళ్ళని, "బయటివాళ్ళ గోల" అని తోసేయడానికి ఆ ఒక్క సాకు చాలు. పాత ఊరి నుంచి ఒకరిద్దరు మీ కాగితం మీద సంతకం పెడితే ఇంకా మంచిది. వాళ్ళ బోర్లూ అదే నీళ్ళు, వాళ్ళ చెరువులోకే ఈ మురుగు. సభ అయిన వారానికి తీర్మానం నకలు తీసుకోండి. సభలో చదివినదీ పుస్తకంలో రాసినదీ ఒకటేనా కాదా అన్నది గడువు ఇంకా మిగిలి ఉండగానే సరిచూసుకోవాలి.